గోల్ఫ్ డ్రైవర్ షాఫ్ట్ పొడవు: కోసే ముందు కొలవాల్సినవి

డ్రైవర్ అంటే బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే గోల్ఫ్ క్లబ్బు. షాపులో వరసగా నిలబెట్టిన కొత్త డ్రైవర్లలో ఏది తీసి కొలిచినా 45.5 అంగుళాలో, 45.75 అంగుళాలో వస్తుంది. కొన్ని 46 దాకా పోతాయి. ఆ అంకె మీ ఎత్తు చూసీ, మీ చేతుల పొడవు చూసీ పెట్టింది కాదు. షాఫ్ట్, అంటే క్లబ్బు కర్ర, పొడుగైతే దాని కొసనున్న హెడ్ వేగంగా తిరుగుతుంది, ఆ వేగాన్ని చూపించి దూరం అమ్మొచ్చు. హెడ్‌లో బంతిని కొట్టే ముందుభాగం, అంటే ఫేస్, దాని నడిమధ్యన బంతి తగిలితేనే ఆ దూరం వస్తుందన్నది మాత్రం డబ్బా మీద ఉండదు.

రోజంతా ఇదే పనిగా ఆడే టూర్ ఆటగాళ్ళలో చాలామంది 45 అంగుళాల దగ్గరే ఆగుతారు. రికీ ఫౌలర్ ఒక దశలో 43.5 అంగుళాల డ్రైవర్‌తో ఆడాడు. దీనికి పూర్తిగా ఎదురు ఫిల్ మికెల్సన్: 2021 పీజీఏ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అతని డ్రైవర్ 47.9 అంగుళాలు. ఇద్దరూ ఎవరికి కుదిరింది వాళ్ళు వాడారు. నియమం ప్రకారం పటర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బు) తప్ప ఏ క్లబ్బూ 48 అంగుళాలు దాటకూడదు. 2022 జనవరి నుంచి, కావాలనుకుంటే ప్రొఫెషనల్, అగ్రశ్రేణి అమెచ్యూర్ పోటీల నిర్వాహకులు ఆ హద్దును 46కి తగ్గించుకునే వీలు కూడా వచ్చింది. మనలాంటి ఆటగాళ్ళకి ఈ పై హద్దులతో పని తక్కువ. మన బాధంతా 43కీ 45కీ మధ్యనే.

లెక్క ఒకసారి చూద్దాం. బంతి వేగం అంటే హెడ్ వేగాన్ని స్మాష్ ఫ్యాక్టర్‌తో గుణిస్తే వచ్చేది. డ్రైవర్‌తో నడిమధ్యన కొడితే ఆ ఫ్యాక్టర్ 1.5 దగ్గరికి వస్తుంది, అంచుల్లో తగిలితే 1.4కి, అంతకన్నా కిందికి దిగిపోతుంది. పొడుగు డ్రైవర్‌తో హెడ్ గంటకు 90 మైళ్ళు తిరిగి, ఫ్యాక్టర్ 1.40 వచ్చిందనుకోండి, బంతి వేగం 126. అంగుళం తగ్గిస్తే హెడ్ వేగం ఒక మైలు పడిపోయి 89 అయింది, కానీ దెబ్బ మధ్యకి వచ్చి ఫ్యాక్టర్ 1.45 అయింది. ఇప్పుడు బంతి వేగం 129. ఒక్కో మైలుకి సుమారు రెండు గజాలు వేసుకుంటే, షాఫ్ట్ తగ్గించి ఆరు గజాలు సంపాదించినట్టు. దెబ్బ మధ్యకి రాకపోతే మాత్రం ఆ మైలు పోయిందే పోయింది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే కోత.

మొదట చేతిలో ఉన్న డ్రైవర్‌ని సరిగ్గా కొలవాలి. కంపెనీ చెప్పిన పొడవుకీ, మీరు కొలిస్తే వచ్చేదానికీ పావు అంగుళం తేడా ఉండటం మామూలే. గోల్ఫ్ నియమాల కొలత ఇలా ఉంటుంది: క్లబ్బు చదునైన నేల మీద ఉంటుంది, సోల్ (హెడ్ అడుగుభాగం) 60 డిగ్రీలు వాలిన పలకకి ఆనుతుంది. నేలా, ఆ పలకా కలిసే గీత దగ్గర్నుంచి గ్రిప్ (చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగు) కొస దాకా ఎంతో అదే పొడవు. ఇంట్లో దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పిల్లల జామెట్రీ బాక్సులో 30, 60 డిగ్రీల సెట్ స్క్వేర్ ఉంటుంది కదా, దాన్ని గట్టి అట్టముక్కకి ఆనించి వాలు గీసుకుని, ఆ అట్టని బల్ల మీద గోడకి చేర్చి నిలబెడితే సరిపోతుంది. బల్ల మీద క్లబ్బుని పడుకోబెట్టి, హెడ్ సోల్‌ని ఆ వాలుకి తాకించి, వాలు మొదలైన చోటు నుంచి ఇనుప టేపు పెట్టండి. దర్జీ టేపు వద్దు, అది సాగుతుంది. గ్రిప్ కొసన ఉండే రబ్బరు మూత మందం కూడా పొడవులో భాగమే.

తర్వాత మీ కొలత. ఎత్తు ఒక్కటీ చూస్తే చాలదు. 5 అడుగుల 7 అంగుళాల మనుషులిద్దర్ని పక్కపక్కన నిలబెడితే ఒకరి మణికట్టు నేలకి 32 అంగుళాల ఎత్తులో ఉంటుంది, ఇంకొకరిది 34లో ఉంటుంది. గోల్ఫ్ బూట్లు వేసుకుని గచ్చు మీద నిటారుగా నిలబడండి, భుజాలు వదులుగా, చేతులు పక్కకి వేలాడదీసి. వంగి చూసుకోకండి, వంగారంటే కొలత మారిపోతుంది. ఇంకొకరి చేత మణికట్టు మడత దగ్గర్నుంచి నేల దాకా కొలిపించండి. రెండు చేతులూ కొలిచి సగటు తీసుకోండి.

ఫిట్టింగ్ చేసేవాళ్ళు వాడే లెక్క స్థూలంగా ఇలా ఉంటుంది. మణికట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలైతే డ్రైవర్ 43 దగ్గర. 34 నుంచి 36 అయితే 43.5. 36 నుంచి 38 అయితే 44, 44.25. 38 నుంచి 40 అయితే 44.5, 44.75. 40 దాటితేనే 45. మన ప్రాంతంలో సగటు మగవాడి మణికట్టు ఎక్కడుంటుందో టేపు పెడితే మీకే తెలుస్తుంది. ఆపైన షాపులో ఉన్న 45.75ని తల్చుకోండి. అయినా ఈ అంకెల్ని పట్టుకుని రంపం తియ్యకండి. ఇవి పరీక్ష ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్తాయి, అంతవరకే. బాగా సాధన ఉన్నవాడు చార్టు చెప్పినదానికన్నా అంగుళం పొడుగు డ్రైవర్‌ని కూడా చక్కగా మధ్యకి తెచ్చుకోగలడు.

పరీక్షకి కావలసినవి: వైట్‌బోర్డు మార్కరు, తడిగుడ్డ, మాస్కింగ్ టేపు, చిన్న పుస్తకం, ముప్ఫై బంతులు. గ్రిప్ పైకొస నుంచి కిందికి అరంగుళం దగ్గర ఒకటి, అంగుళం దగ్గర ఒకటి సన్నటి టేపు చుట్టండి. ఎడమచేతి మడమ ఎక్కడ ఆనాలో అవి గుర్తులు. కుడిచేతివాటం వాళ్ళకి చెప్తున్నాం, ఎడమచేతివాటం వాళ్ళు తిప్పి చదువుకోండి. బంతి మీద మార్కరుతో బఠాణీ గింజంత చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా టీ (బంతిని నిలిపే చిన్న మేకు) మీద నిలపండి. కొట్టగానే ఫేస్ మీద చుక్క దిగుతుంది. పుస్తకంలో ఫేస్ బొమ్మ గీసుకుని చుక్క పడ్డ చోట గుర్తు వేసి, ఫేస్ తుడిచి, మళ్ళీ కొట్టండి.

పూర్తి పట్టు, అరంగుళం కిందికి, అంగుళం కిందికి: ఒక్కో పట్టుకి పదేసి బంతులు. కానీ ఆ పదీ వరసగా ఒకే పట్టుతో కొట్టొద్దు. చివరికొచ్చేసరికి భుజాలు అలిసిపోయి మూడో పట్టుకి అన్యాయం జరుగుతుంది. ఒకటి పూర్తి పట్టుతో, ఒకటి అరంగుళం కిందికి, ఒకటి అంగుళం కిందికి, ఇలా తిప్పుతూ పోండి. వేళ కూడా ముఖ్యం. విశాఖలో మధ్యాహ్నమైతే సముద్రం మీద నుంచి గాలి లేస్తుంది. ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో పొద్దున్న ఏడింటికి నిటారుగా పోయిన బంతి, అదే దెబ్బకి సాయంత్రం నాలుగింటికి పక్క చెట్లలోకి పోవచ్చు. పరీక్ష పొద్దున్నే పెట్టుకోండి. సాధన చేసే రేంజిలో బంతులు అరిగి ఉంటాయి కాబట్టి దూరం లెక్కలోకి తీసుకోకండి. ఫేస్ మీది గుర్తులు, బంతి బయల్దేరిన దిక్కు, ఈ రెండూ చాలు.

ఇక గుర్తుల్ని చదవడం. చాలామంది పొరబడేది ఇక్కడే. క్లబ్బుల సంచి మోసే క్యాడీ వెనక నుంచి "సార్, హీల్‌కి తగిలింది" అనగానే షాఫ్ట్ పొడుగైపోయిందని తేల్చేస్తారు. హీల్ అంటే ఫేస్‌లో షాఫ్ట్ వైపు చివర, టో అంటే దానికి అవతలి చివర. ఒక్క గుర్తుతో ఏమీ తేలదు. పదీ కలిపి చూడండి. పదీ హీల్ వైపే, అణా కాసంత చోట్లో గుంపుగా ఉన్నాయా? అయితే తప్పు పొడవుది కాకపోవచ్చు. బంతికి మరీ దగ్గరగా నిలబడుతున్నారేమో, కొట్టేటప్పుడు బరువు కాలివేళ్ళ మీదికి జారుతోందేమో చూసుకోండి. కాస్త వెనక్కి జరిగితే పోయే రోగానికి రంపం ఎందుకు? పది గుర్తులూ ఫేస్ నిండా చెల్లాచెదురుగా, ఒకటి టో, ఒకటి హీల్, ఒకటి అడుగున ఉంటే మాత్రం పొడవుని అనుమానించాలి. అరంగుళం కిందికి పట్టుకున్నప్పుడు ఆ చెదురు సగానికి సగం దగ్గరపడిందంటే జవాబు దొరికినట్టే. అంగుళం కిందికి పట్టినా చెదురు అలాగే ఉంటే జబ్బు వేరేచోట ఉంది, షాఫ్ట్ జోలికి పోకండి.

గుర్తులు ఎక్కడున్నాయన్నదానికి బంతి నడకతో లెక్క ఉంది. టో వైపు తగిలిన బంతికి ఎడమకి తిరిగే స్పిన్ వస్తుంది, హీల్ వైపు తగిలితే కుడికి. ఫేస్ అడుగున తగిలితే వెనక స్పిన్ పెరిగి బంతి పైకి లేచి గాలిలో వేలాడుతుంది, ఎదురుగాలి ఉంటే మరీను. పై భాగంలో తగిలితే స్పిన్ తగ్గి ముందుకి దూకుతుంది. మీ స్లైసుకి (బంతి కుడికి వంగిపోవడానికి) మూలం హీల్ దెబ్బలైతే షాఫ్ట్ తగ్గించినందువల్ల మేలు కనబడుతుంది. ఫేస్ మధ్యలో తగిలినా బంతి కుడికే వంగిపోతుంటే అది ఫేస్ తెరుచుకోవడం, బయట్నుంచి లోపలికి కోస్తున్న స్వింగు. దానికి కోచ్ కావాలి, రంపం కాదు.

కిందికి పట్టుకుని చేసే ఈ పరీక్షలో ఒక లోపం ఉంది, అది తెలిసే చెయ్యాలి. కిందికి పట్టుకుంటే గ్రిప్ సన్నబడుతుంది. హెడ్ బరువు చేతికి తక్కువగా తెలుస్తుంది. నిజంగా కోసినప్పుడు కూడా ఈ రెండోది ఉంటుంది, దాన్ని పట్టించుకోకపోవడం వల్లే చాలా డ్రైవర్లు పాడవుతాయి.

దాని పేరు స్వింగ్ వెయిట్. గ్రిప్ కొస నుంచి 14 అంగుళాల దగ్గర ఆధారం పెట్టి, హెడ్ వైపు ఎంత మొగ్గుందో చూసే కొలత. అక్షరం, పక్కన 0 నుంచి 9 దాకా అంకె; ఒక్కో అంకె ఒక పాయింటు, డీ0 నుంచి దిగితే సీ9. మగవాళ్ళ డ్రైవర్లు సాధారణంగా డీ2, డీ3 దగ్గర ఉంటాయి. అరంగుళం తగ్గిస్తే సుమారు మూడు పాయింట్లు పడిపోతాయి. హెడ్‌కి 2 గ్రాములు కలిపితే ఒక పాయింటు పెరుగుతుంది. గ్రిప్ 5 గ్రాములు తేలికదైతే సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. ఈ మూడు అంకెలూ గుర్తుంటే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

ఉదాహరణకి 45.5 అంగుళాల, డీ3 డ్రైవర్‌ని 44.5కి తెచ్చారు. ఆరు పాయింట్లు పోయి సీ7 అయింది. చేతికి హెడ్ ఎక్కడుందో తెలియదు, పైనుంచి దిగేటప్పుడు చేతులు తొందరపడతాయి, బంతి ఎడమకి లాగేస్తుంది. "షాఫ్ట్ తగ్గిస్తే హుక్ వచ్చింది" అనేవాళ్ళలో చాలామంది కథ ఇదే. డీ3కి పూర్తిగా తేవాలంటే హెడ్‌కి 12 గ్రాములు కావాలి. ఒక్కసారే అంతా పెట్టకండి. ముందు 6 గ్రాములు పెట్టి డీ0లో నాలుగు రోజులు ఆడండి. పొట్టి క్లబ్బు తిప్పడం తేలిక కాబట్టి డీ0, డీ1 దగ్గరే చాలామందికి కుదురుతుంది.

ఆ బరువు ఎక్కణ్ణుంచి తేవాలి? హెడ్‌లో విప్పే స్క్రూ వెయిట్ ఉంటే అన్నిటికన్నా శుభ్రమైన దారి అదే: 8 గ్రాములది తీసి అదే మోడల్‌కి వచ్చే 14 గ్రాములది బిగించడం. లేకపోతే సీసం టేపు. అరంగుళం వెడల్పు మామూలు టేపు నాలుగు అంగుళాలు రమారమి 2 గ్రాములు తూగుతుంది. రకానికి రకానికీ మందం మారుతుంది కాబట్టి నమ్మకం పెట్టుకోకుండా చిన్న డిజిటల్ త్రాసు మీద తూచండి. సోల్ మీద, వెనకగా మధ్యన అంటించండి. మీ బంతికి కుడికి వంగే అలవాటుంటే కొంచెం హీల్ వైపు పెడితే ఫేస్ మూసుకోవడానికి సాయం. రేంజిలో పరీక్షకి మాత్రం టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగుకి అంటించే 5 గ్రాముల బద్దలు చవగ్గా పనికొస్తాయి. పోటీలో వాటితో దిగకండి, అక్కడ సీసం టేపే మర్యాద. ఆ టేపుని కూడా రౌండు మొదలయ్యే ముందే అంటించుకోవాలి, ఆట మధ్యలో పెట్టడం, తీయడం నియమాలకి విరుద్ధం. ఇక్కడి ఉప్పుగాలికీ చెమటకీ టేపు జిగురు త్వరగా వదిలేస్తుంది. స్పిరిట్‌తో తుడిచి, ఆరాక అంటించి, చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్దండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా టిఫిన్‌కి కూర్చోవద్దు.

ఇప్పుడు కోత. ఎప్పుడూ గ్రిప్ వైపు కొసనే కోయాలి. హెడ్ వైపు కొస కోస్తే షాఫ్ట్ బాగా బిరుసెక్కిపోతుంది, దాని మీద రాసి ఉన్న ఫ్లెక్స్ (ఎంత వంగుతుందన్నది) ఇక నిజం కాదు. గ్రిప్ వైపు కోసినా కొంచెం బిరుసు పెరుగుతుంది గానీ, హెడ్‌కి బరువు కలిపేసరికి దాదాపు సర్దుకుంటుంది. కొన్ని షాఫ్టులకి గ్రిప్ కొసలో లోపల బరువు పెట్టి ఉంటుంది. గ్రిప్ తీశాక గొట్టంలోకి టార్చి వేసి చూడండి. ఉంటే మీరు కోసేది ఆ బరువుని కూడా, అప్పుడు పై లెక్కలు తప్పుతాయి.

గ్రిప్ తియ్యడానికి కొక్కెం బ్లేడు వాడండి, మామూలు కటరు షాఫ్ట్‌లోని గ్రాఫైట్‌ని గీసేస్తుంది. గీత పడ్డచోటే తర్వాత విరుగుతుంది. బ్లేడు మీ వైపు లాగకండి, బయటికి తొయ్యండి. పాత టేపు జిగురంతా టర్పెంటైన్‌తో తుడిచెయ్యండి. కొస నుంచి ఎంత తగ్గించాలో అంతే కొలిచి గుర్తు పెట్టండి. అదే రకం గ్రిప్ మళ్ళీ ఎక్కిస్తారు కాబట్టి మూత మందం లెక్క మళ్ళీ వెయ్యక్కర్లేదు. గుర్తు మీద మాస్కింగ్ టేపు మూడు చుట్లు బిగించి చుట్టండి, పోగులు లేవకుండా. అంగుళానికి 32 పళ్ళున్న సన్న హాక్సా బ్లేడుతో, ఒకేవైపు నుంచి దిగిపోకుండా, షాఫ్ట్‌ని తిప్పుతూ చుట్టూ కోసుకుంటూ రండి. వైస్‌లో బిగించాలంటే రబ్బరు ముక్క చుట్టి, చెయ్యి బిగింపు కన్నా కొంచెమే ఎక్కువగా. వెల్డింగ్ షాపులో గ్రైండర్ పెట్టించకండి, ఆ వేడికి గ్రాఫైట్‌లోని జిగురు కాలిపోతుంది. గ్రాఫైట్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి, తడిగుడ్డతో తుడవండి, ఫ్యాన్ కింద ఈ పని వద్దు.

మీ పరీక్ష అంగుళం తగ్గించమన్నా మొదట అరంగుళమే కోసి మూడు నాలుగు రౌండ్లు ఆడండి. మిగతా అరంగుళం ఎప్పుడైనా కోయొచ్చు.

గ్రిప్ వెనక్కి ఎక్కించేటప్పుడు షాఫ్ట్ కొస వెనకటికన్నా పిసరంత సన్నగా ఉంటుంది. రెండు వైపులా అంటుకునే టేపు వేసే ముందు మాస్కింగ్ టేపు ఒక చుట్టు అదనంగా చుడితే చేతికి పాత లావే వస్తుంది. గ్రిప్ లోపలా, టేపు మీదా టర్పెంటైన్ ధారాళంగా పొయ్యండి. పిసినారితనం చేస్తే గ్రిప్ సగంలో ఇరుక్కుంటుంది, ఇక అటూ పోదు ఇటూ రాదు. ఎక్కాక గ్రిప్ మీది గుర్తులు ఫేస్‌కి సూటిగా ఉన్నాయో లేదో ఒక నిమిషంలోపు సరిచూసుకోవాలి. రాత్రంతా ఆరనివ్వండి, వానాకాలంలో అయితే రెండు రాత్రులు.

పొడవు పెంచాలనుకునేవాళ్ళు తక్కువే. మణికట్టు 40 దాటిన పొడగరులు, సెకండ్ హ్యాండ్‌లో ఎవరో కోసేసిన డ్రైవర్ కొన్నవాళ్ళు. గ్రిప్ కొసలో దిగగొట్టే ఎక్స్‌టెన్షన్ ముక్కలు దొరుకుతాయి, రెండు గొట్టాల ఎపాక్సీతో అతకాలి, ఒక రోజు కదపకూడదు. అంగుళం మించొద్దు. అరంగుళానికి మూడు పాయింట్ల చొప్పున స్వింగ్ వెయిట్ పైకి పోతుంది, అతుకు మీద కీలు పడ్డట్టు షాఫ్ట్ మెత్తబడుతుంది. పిల్లలకి పెద్దవాళ్ళ డ్రైవర్ కోసివ్వడం అసలే వద్దు. పొడవు సరిపోయినా ఆ హెడ్ వాళ్ళకి బండరాయే, షాఫ్ట్ వాళ్ళ వేగానికి ఇనప కడ్డీయే.

కోసిన డ్రైవర్‌తో మొదటిరోజు బంతికి అరంగుళం దగ్గరగా నిలబడండి. పాత దూరంలోనే నిలబడితే టో దెబ్బలు వస్తాయి, తప్పు కోతదనిపిస్తుంది. బంతి మునుపటికన్నా కిందుగా పోతుంటే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచి చూడండి, హెడ్ దగ్గర తిప్పే స్లీవ్ ఉన్నవాళ్ళకి అది రెండు నిమిషాల పని. లాఫ్ట్ పెంచితే ఫేస్ కొంచెం మూసుకుంటుందన్నది మర్చిపోకండి, ఎడమకి లాగేవాళ్ళు సగం డిగ్రీతో ఆపుకోవాలి.

గ్రిప్ బిగించే ముందు ఒక చిన్న టేపు ముక్క మీద తేదీ, కొత్త పొడవు, హెడ్‌కి ఎన్ని గ్రాములు కలిపారో బాల్‌పెన్నుతో రాసి షాఫ్ట్‌కి, గ్రిప్ అంచు ఆగే చోటికి కాస్త దిగువన అంటించండి. ఏడాది తర్వాత గ్రిప్ మార్చే కుర్రాడికి గానీ, మీ దగ్గర ఈ డ్రైవర్ కొనేవాడికి గానీ, మళ్ళీ సెట్ స్క్వేర్ వెతుక్కునే పని ఉండదు.